బిజిలీ అల్లుడి మేర

బిజిలీ పని చేసే పిల్లవాడికి కూతుర్నివ్వాలా వద్దా అని ఆలూరు వెంకటయ్య చాలా రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. పిల్లవాడు బాల్‌రాజ్. మొయినాబాద్ వాళ్లే, తెలిసిన కుటుంబం. పట్నంలో ఇళ్లకు తీగలు లాగి దీపాలు బిగిస్తాడు. అప్పటి సర్కారు నాణెం హాలీ రూపాయల్లో నెలకు ఇరవై రెండు జీతం. ఆ మాట వినగానే వెంకటయ్య భార్య గోపమ్మ మనసులోనే పెళ్లిపందిరి వేసేసింది.

"జీతం సరే. గా పని నిలుస్తదా?" ఇదీ వెంకటయ్య పేచీ. "నాగలి విరుగుతది, వడ్లాయన్ని పిలుస్తం. కుండ పగులుతది, కుమ్మరాయన్ని పిలుస్తం. నూనె వద్దు, వత్తి వద్దు, బిజిలీ బత్తి ఒక్కపారి వెలిగినంక మల్ల ఈ పిలగాన్ని ఎవడు పిలుస్తడు? పట్నంల ఇండ్లన్నిటికి బిగిచ్చినంక ఏం తింటడు?"

వాదన గట్టిదే, నవ్వడానికి లేదు. కానీ ఆయన అసలు గుబులు అది కాదు. శకుంతల ఒక్కతే బిడ్డ. పొలం నుంచి రాగానే చెంబుతో నీళ్లు ఎదురు తెచ్చేది ఆమే. పట్నానికి ఇస్తే మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో. ఆ మాట నోరు తెరిచి చెప్పడం వెంకటయ్యకు చేతకాదు. ఎద్దు కాలికి ముల్లు దిగితే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి, బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని లెక్కలు మాట్లాడతాడు.

సంబంధం తెచ్చిన చేవెళ్ల బట్టల వ్యాపారి కాశీనాథ్ ఈ గోల పడలేక, సరుకు తేవడానికి పోతూ ఆయన్ని కూడా పట్నం బస్సెక్కించాడు. పొద్దుగూకే వేళకు ఇద్దరూ కాశీనాథ్‌కు తెలిసినవాళ్ల దుకాణంలో కూర్చున్నారు. కబురు అంది బాల్‌రాజ్ కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెంకటయ్య పైన వెలుగుతున్న బత్తిని అనుమానంగా చూస్తున్నాడు. చూస్తుండగానే అది టప్పున ఆరిపోయింది.

దుకాణదారు విసుక్కున్నాడు. వెంకటయ్య గొంతులో మాత్రం ఎక్కడలేని హుషారు.

"ఏమైంది పిలగా?"

"లోపలి తీగ మాడిపోయింది మామా. కొత్తది పెట్టాలె."

"మాడిపోతదా?"

"ఎప్పుడో ఒకప్పుడు మాడుతది."

"అన్ని ఇండ్లల్ల?"

"అన్ని ఇండ్లల్ల."

"నవాబుల ఇండ్లల్ల గూడ?"

"నవాబైతేంది మామా, మాడకుంట ఉంటదా? గోడ మీది తీగెలు గూడ పాతవడ్తయి."

వెంకటయ్య ఆ చీకట్లోనే కాశీనాథ్ భుజం వెతికి పట్టుకున్నాడు. "సేటూ, ముహూర్తం పెట్టియ్యి."

పెళ్లయింది, శకుంతల పట్నం వెళ్లింది. "మా అల్లునికి పనికేం ఫికర్ లేదు, ఇంటింటికి మాడుతున్నయంట" అని వెంకటయ్య ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుని మురిశాడు. నిజంగానే పని పెరిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది. దసరాకు బిడ్డను తీసుకురావడానికి అల్లుడికి తీరిక దొరకలేదు. దీపావళికి అసలే దొరకలేదు. చెంబు తనే ముంచుకుని తాగుతూ, పని నిలవాలని కోరుకున్నది తనే కదా అనుకున్నాడు వెంకటయ్య. ఎవరిని అనేటట్టు ఉంది?

జొన్న కల్లానికి వచ్చాక పట్నానికి కబురు పంపాడు. 'కల్లంల పని ఉన్నది, అల్లుడు రావాలె.' ఏం ముంచుకొచ్చిందోనని మొగుడూపెళ్లాలిద్దరూ పరుగున వచ్చారు.

రాశి కొలిచే రోజు కల్లానికి ఆయగాళ్లు వస్తారు. ఏడాది పొడుగునా చేసిన పనికి వడ్లాయనకు, కుమ్మరికి, చాకలికి ఇంతింతని గింజలు కొలిచి పోస్తారు. అదే మేర. మేరను ఇంటికి పంపే ఆచారం లేదు. తీసుకునేవాడే వచ్చి తన బట్ట పరిచి పట్టుకోవాలి. వడ్లాయన పట్టాడు, కుమ్మరాయన పట్టాడు. వెంకటయ్య ఇంకో గంప నింపి ఎత్తి, "బిజిలాయనా, రా!" అని కేకేశాడు.

కల్లమంతా గొల్లున నవ్వింది. గోపమ్మకు తల కొట్టేసినట్టయింది.

"నీకేమన్న మతి పోయిందా? అల్లున్ని ఆయగాండ్ల వరుసల నిలవెడ్తవా? వియ్యంకులు వింటే ఏమంటరు?"

వెంకటయ్య గంప దించలేదు. బాల్‌రాజ్ ముఖం కందిపోయింది. అలిగి వెనక్కి పోతాడనే అనుకున్నారంతా. మామ చూపు తన మీద కాక శకుంతల మీద ఉండటం చూశాడో ఏమో, భుజం మీది తువ్వాలు తీసి కుమ్మరాయన బట్ట పక్కన పరిచాడు.

"మేర పట్టినంక పని చెయ్యాలె గద మామా. ఊళ్లె ఒక్క తీగె లేకపాయె. నేనేం చెయ్యాలె?"

వెంకటయ్య తలెత్తకుండా జొన్నలు పోశాడు.

"ఏం చెయ్యకు బిడ్డా. ఏటేట వచ్చి పట్కపో. వచ్చేటప్పుడు పిల్లను తోల్కరా. గంతే పని."

శకుంతల చెంబుతో నీళ్లు తెచ్చి తండ్రి చేతికిచ్చింది. ఆయన తాగలేక అట్లాగే పట్టుకున్నాడు.

"ఏటికి ఒక్కపారి వస్తే నడువదు మామా," అన్నాడు బాల్‌రాజ్. "మేర పట్టినోడు పిలిచినప్పుడల్ల రావాలె."

వెంకటయ్య చెంబు పక్కన పెట్టి, మళ్లీ గంప అందుకున్నాడు.

"అట్లయితే ఇంకో గంప పట్టు."