వెనక మెట్ల మీద బీరు

మా ఎల్ ఆల్టో ఊళ్ళో మనిషి గొప్పతనం బీరు పెట్టెల ఎత్తులో తెలుస్తుంది. పండక్కి వచ్చే ప్రతివాడూ ఒక పెట్టె మోసుకొచ్చి, అందరికీ కనబడేలా పేర్చాలి. అవి ఎంత పైకి లేస్తే పండగ చేసినవాడి పేరు అంతకాలం వీధిలో జనం నోళ్ళలో నానుతుంది.

అందుకే, మూడో అంతస్తులో నేను కట్టించిన కొత్త హాలు చూడ్డానికి వచ్చినప్పుడు దోన్ హిలారియోన్ కళ్ళు వెనక మెట్లదారి మీద పడ్డాయి, అక్కడైతే కింది నుంచి మూడంతస్తుల ఎత్తూ పేర్చొచ్చని. నా కూతురి బాప్తిస్మానికి ఆయనే జ్ఞానతండ్రి; ఆ వరసన ఆయన నాకు కొంపాద్రే, నేను ఆయనకి కొమాద్రే. ఈ ఏడు మాంసం కొట్లవాళ్ళ ఉత్సవానికి ఆయనే పెద్ద. శనివారం ఆ పండగతోనే నా హాలు తెరవాలి. గురువారానికల్లా ఆ మెట్లకి రెండు పక్కలా పెట్టెలు లేచాయి. పైన ఇనప తలుపు ఊరికే మూసుకుపోతోందని దానికీ ఒక పెట్టె అడ్డం పెట్టాడు. చల్లగా ఉంటాయి కదా అని నేనూ సంబరపడ్డాను.

ఆ మధ్యాహ్నమే ఫైర్ స్టేషన్ నుంచి లెఫ్టినెంట్ నెలీదా వచ్చింది. నా చిన్న కూతురి ఈడు పిల్ల.

"ఇదేంటి, దోన్యా సతుర్నీనా?"

"కనబడట్లా తల్లీ? బీరు."

"మంటలొస్తే జనం దిగే దారండీ ఇది. ఇందులో చీపురు కూడా పెట్టకూడదు. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి, పొగ ఇటు రాకుండా. ఇవి తీసేదాకా హాలు తెరవనివ్వను."

నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి బజార్లో పావడాలు అమ్మి కట్టుకున్న హాలు అది. పైగా ఎదురుగానే గుమెర్సిండా హాలు ఖాళీగా నోరు తెరుచుకుని కూర్చుంది. మొదటి పండగే అటు పోతే ఇక నా గడప ఎవడు తొక్కుతాడు?

"మంటలు ఎక్కడున్నాయే? నీ నోట్లో తప్ప," అన్నాను.

"నువ్వుండు కొమాద్రే," అంటూ హిలారియోన్ అడ్డొచ్చాడు. శనివారం నాట్యానికి వేషం సరిచూసుకుంటున్నాడేమో, ఒంటి మీద మొరెనో నాట్యపు వేషం అలాగే ఉంది. ధాన్యపు గాదెకి కాళ్ళూ చేతులూ వచ్చినట్టు ఉంటుంది అది. "బోలెడు చోటుందమ్మాయ్. నే దిగి చూపిస్తాగా."

రెండు మెట్లు దిగాడు. పెట్టెల మధ్య ఇరుక్కుపోయాడు. అటు పోడు, ఇటు రాడు.

"ఊపిరి బిగబట్టు కొంపాద్రే."

"ఊపిరి బిగబడితే వేషం సన్నబడుద్దా?"

నాకు నవ్వాగలేదు. లెఫ్టినెంట్ మాత్రం నవ్వలేదు. వెళ్ళి ఆయన వెనక మెట్టు మీద కూర్చుంది.

"శనివారం మీ వెనకాల ఎవరుంటారండీ?"

హిలారియోన్ మెడ తిప్పి వెనక్కి చూశాడు. "మా అమ్మ," అన్నాడు. "ప్రతి ఏడూ నా వెనకే ఆడుద్ది."

పెట్టెలు తీయించేస్తానని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన్ని బయటికి లాగడానికి మేమిద్దరం నానా తంటాలు పడ్డాం. వీధి వైపు అద్దాల గోడకి పెట్టెలు పేర్చుకోమని ఆ పిల్లే చెప్పింది, అటు తలుపులు లేవు కదా అని. అక్కడైతే గుమెర్సిండా పక్క మీద నుంచి లేవగానే అవే కనబడతాయి. ఆ ముక్క వినగానే నా కోపం సగం దిగిపోయింది.

శనివారం భోజనాలయ్యాక నాట్యం మంచి ఊపులో ఉంది. వీధిలో ఎవరో కాల్చిన తారాజువ్వ ఒకటి తెరిచిన కిటికీలోంచి దూరి, నేను ముచ్చటపడి కట్టించిన తెరలకి తగిలింది. చూస్తుండగానే పైకప్పంతా నల్లటి పొగ. హిలారియోన్ వేషం విప్పి అవతల పారేసి, తల్లిని ముందు పెట్టుకుని, "ఇటు, ఇటు" అని ఇనప తలుపు తోశాడు. అవతల పొగ లేదు. మెట్లు ఖాళీగా, వెలుగ్గా ఉన్నాయి. మొరెనో వేషగాళ్ళు గలగలమంటూ ఒకరి వెనక ఒకరు దిగారు. డోలు వాయించేవాడు డోలుతో సహా దిగాడు. అందరి వెనకా నేను దిగాను, తలుపు నా వెనక దానంతటదే మూసుకుంది.

వీధిలో హిలారియోన్ తల్లి నిలబడి ఉంది. ముసలమ్మ నెత్తి మీద టోపీ కూడా ఒరగలేదు. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను.

ఫైరింజనుతో వచ్చిన లెఫ్టినెంట్ మంట ఆర్పించి కిందికి దిగింది. "తెరలు పోయాయి, గోడలు గట్టిగానే ఉన్నాయి. సున్నం వేయించుకుంటే వచ్చే పండక్కి తెరుచుకోవచ్చు," అంది. ఆ పిల్లని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

అంతలో గుమెర్సిండా మంచినీళ్ళు పట్టుకొచ్చింది. "లేవ్వే. పండగ మధ్యలో ఆపకూడదు. నా హాలు తెరుస్తా, అందర్నీ రమ్మను."

ఏ మాట వినాల్సొస్తుందోనని రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నానో, సరిగ్గా ఆ మాట. అప్పుడు నాకు పట్టిందల్లా ఒక్కటే.

"నీ వెనక మెట్ల మీద ఏం పెట్టావే?"

"ఏం పెడతారు? బీరే," అంది గుమెర్సిండా.

హిలారియోన్ అప్పటికే చొక్కా చేతులు మడుస్తూ ఆ మెట్ల వైపు నడుస్తున్నాడు.