అంబాసిడర్‌కు ఊపిరాడలేదు

మా సునాబెడ కొండల్లో మంచుకు సిగ్గూ శరమూ లేవు. తలుపు తీస్తే చాలు, పిలవకుండా లోపలికి వచ్చేస్తుంది. ఆ ఉదయం కారు షెడ్డంతా నిండిపోయింది. మా పాత అంబాసిడర్ చక్రాలు కనిపించక, బండి మబ్బు మీద తేలుతున్నట్టుంది. బండిని పక్కకు తోసి చూస్తే నేల మీద మాత్రం ఎప్పటిలాగే నల్లటి నూనె మరక.

మా ఆయన జీవరాజు ఇక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఈ లీకు ఆపడానికి ఇంజను అతుకుల మధ్య ఉండే కింది గాస్కెట్ మార్చారు, పై గాస్కెట్ మార్చారు, సీళ్లు మార్చారు. నూనె కారుతూనే ఉంది.

"ఇది దొరక్కపోతే నా బుర్ర పోయినట్టే వసంతా" అన్నారు ముందురోజు. చర్చిలో తెలిసినవాళ్ల పేర్లు కూడా మర్చిపోతున్న మనిషి ఆ మాటంటే నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది. "ఉంటే కదా పోడానికి" అని కసిరాను.

ఆ ఉదయం ఆయన ఇంజనంతా శుభ్రంగా తుడిచి, నా పౌడరు డబ్బాలో సగం దాని మీద జల్లారు. నూనె ఎక్కడ పుడితే అక్కడ పౌడరు తడుస్తుందట. ఇంజను స్టార్ట్ చేశారు. మంచేదో పౌడరేదో తెలియడం లేదు. కాసేపు ఇంకా నిద్రలోనే ఉన్నాననుకున్నాను. అప్పుడు ఒక చోట కాదు, అన్ని అతుకుల దగ్గరా ఒకేసారి చెమ్మ తేలింది.

"లోపల గాలి తన్నుతాంది. దీనికి ఊపిరాడ్డం లేదు." ఇంజను ఆపి, గాలి బయటికి పోయే గొట్టాన్ని తడిమారు.

దాని మూతికి ఎర్ర ప్లాస్టిక్ మూత. ఊడకుండా సన్నటి తీగతో కట్టి ఉంది. ఫ్యాక్టరీలో గొట్టం మూతి తెరిచి ఉంటే దుమ్ము పడకుండా మూత పెట్టి, రెండు పేటల తీగ పేని బిగిస్తారు. అది వాళ్ల చేతికి పట్టిన అలవాటు. మా ఇంట్లో అంత సమంగా పేనే చెయ్యి ఒక్కటే.

"ఇదెవలు పెట్టేరు?" అన్నారు. నిజంగానే అడుగుతున్నారు.

"నేనేనండి. దుమ్ము పడతాదని."

"ఆస్పత్రిలో సూదులేసే నర్సమ్మవి, నీకు ఇంజన్‌తో ఏటి పని?" అని నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో. మూత తీసేసి, చెమ్మ తుడిచి, మిగిలిన పౌడరు జల్లి ఇంజను నడిపించారు. ఈసారి పౌడరు తెల్లగానే ఉండిపోయింది. "సూసేవా? నా బుర్ర బాగానే ఉంది."

తర్వాత ఆ తీగను వెలుతురుకు పట్టి, వేలితో నిమిరారు.

"ఎంత బాగా పేనేవు. నీకెవలు నేర్పేరు?"

"మీరే" అన్నాను.