ఎర్లిండా కంటికి అందనివాళ్లు

రెండు వందల పదకొండో ఫీల్డు దగ్గర ఎర్లిండా మకరాయెగ్ చేయి ఆగింది. ఏదో ఎర్రగా కనిపించింది. మైక్రోస్కోప్ పక్కనున్న మీటను వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పింది. కాదు, రంగు మరక. క్షయ క్రిమి సన్నగా, కాస్త వంగి, నీలం నేలమీద ఎవరో ఎర్ర దారప్పోగు తుంచి పడేసినట్టు ఉంటుంది. ఇది అంచుల్లేని చుక్క. ఎడమచేతిలోని లెక్కయంత్రాన్ని టిక్కుమనిపించి స్లైడు జరిపింది. గుండ్రటి అద్దంలో కొత్త చోటు, అంటే ఇంకో ఫీల్డు, కనిపించింది. రెండు వందల పన్నెండు.

తెమడ స్లైడు మీద వంద ఫీల్డులు చూసి ఏమీ కనిపించకపోతే "లేదు" అని రాసేయవచ్చు, నియమం అదే. ఎర్లిండా మూడు వందలు చూస్తుంది. వినిపెగ్‌లోని ఈ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఈ కిటికీ పక్కన, ఇరవై తొమ్మిదేళ్లుగా అదే వరస. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. కుర్చీని చివరిదాకా పైకి లేపితేగాని కళ్లు అద్దాలకు అందవు. అద్దాల అంచులు ఒత్తుకుని కళ్లచుట్టూ రెండు గుండ్రటి గీతలు పడిపోయాయి, సెలవురోజుల్లో కూడా చెరగవు. కుడి భుజం ఎడమదానికన్నా వేలెడు కిందికి జారింది. పంగసినాన్ నుంచి ఇరవైమూడేళ్ల వయసులో సముద్రం దాటి వచ్చి నాలుగేళ్లు చలికోట్లకు జిప్పులు కుట్టింది. తర్వాత ఇదే ప్రయోగశాలలో గాజుసామాను కడిగింది. కడుగుతూనే చదువుకుంది. భర్త ఫిదెల్ సిటీ బస్సు నడిపేవాడు, పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "చూస్తుంటాను" అని నవ్వేది.

"అక్కా, ఇంకా మొదటి స్లైడు మీదే ఉన్నావా? నా డబ్బా నాలుగు తినేసి త్రేన్చింది కూడా!"

గుమ్మంలో రోడెల్. నలభై దాటిన మనిషి, ఈ ప్రయోగశాలలోనే క్షయ పట్టే కొత్త యంత్రం నడుపుతాడు, దాన్నే డబ్బా అంటాడు. వాళ్లమ్మా ఎర్లిండా ఒకే చర్చికి వెళ్తారు.

"తినడం తప్ప దానికేం వచ్చు? అరిగిందో లేదో పదిన్నరకి తెలుస్తుందిలే," అంది ఎర్లిండా అద్దాల మీదనుంచి తల ఎత్తకుండా.

"నాకు ఆ పదిన్నర భయానికి పొద్దున్నుంచి ఏమీ దిగలేదు."

"అబద్ధాలాడకు. గడ్డం మీద వెల్లుల్లి అన్నం మెతుకుంది."

రోడెల్ గడ్డం తుడుచుకుంటూ పోయాడు. ఎర్లిండా మళ్లీ లెక్కలో పడింది. కానీ వేలు ఈరోజు మామూలుకంటే గబగబా టిక్కుమంటోంది. ఆమెకూ ఆత్రంగానే ఉంది. ఏడాదిన్నర నుంచి ఎదురుచూస్తున్న రోజు ఇది.

ఉత్తరాన హడ్సన్ తీరంలోని నాలుగు ఇనుయిట్ ఆదివాసీ ఊళ్లనుంచి, దగ్గుతో వచ్చిన ఎనిమిది వందల నలభైమంది తెమడ విమానాల్లో ఇక్కడికి వచ్చింది. ఒక్కొక్కదాన్ని మూడు భాగాలు చేశారు. ఒకటి రోడెల్ యంత్రానికి, ఒకటి ఎర్లిండా స్లైడుకి, మూడోది కల్చరుకి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి. కల్చరులో క్రిమి ఉంటే మొలిచి తీరుతుంది, కాకపోతే ఆరు వారాలు పడుతుంది. ఎవరిది నిజమో తేల్చే తీర్పరి అదే. రోగులకు చేరాల్సిన ఫలితాలు ఎప్పటికప్పుడు వేరే గదినుంచి వెళ్లిపోయేవి. ఎర్లిండా రాసింది రోడెల్‌కి తెలియకూడదు, యంత్రం చెప్పింది ఎర్లిండాకి తెలియకూడదు, కల్చరు ఏమందో ఇద్దరికీ తెలియకూడదు. ఏడాదిన్నర పక్కపక్కన కూచుని అన్నం తింటూ ఇద్దరూ ఆ ఒక్క మాట మాత్రం ఎత్తలేదు.

జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో కనీసం తొమ్మిదిమందిని యంత్రం పట్టుకుంటే, అలాంటి యంత్రాలు ఆ ఊళ్ల నర్సుల దగ్గరికే వెళ్తాయి. ఫలితం గంటలో తేలిపోతుంది. లేకపోతే మంచుతుఫానులో విమానాలు ఆగిపోయి, జబ్బుమనిషి వారాల తరబడి ఇంట్లోవాళ్ల మధ్యే దగ్గుతూ కూచోవాలి. అదీ లెక్క.

పదిన్నరకి చిన్న గదిలో నలుగురు చేరారు. పరిశోధన నడిపిన డాక్టర్ సిగ్రిడ్ థోర్వల్డ్‌సన్ ఆరడుగుల మనిషి, కూచోలేక గోడవారన నిలబడింది. ఆవిడ ధైర్యం ఎంతంటే, మధ్యాహ్నం రెండూ నలభై విమానానికి మొదటి యంత్రంతోపాటు రోడెల్‌కి సీటు కూడా నిన్ననే బుక్ చేసేసింది. అంకెలు చూసే లూసియెన్ ప్రేజ్ సెయింట్ బోనిఫేస్ పేట మనిషి, మాట్లాడేముందు కళ్లద్దాలు తుడుచుకునే రకం. సీలు వేసిన ఫైలు అతని దగ్గరే ఉంది.

తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"లూసియెన్, ఆ అద్దాలు లాక్కుని కిటికీలోంచి పారేస్తాను," అంది డాక్టరు.

"చదువుతున్నా, చదువుతున్నా. కల్చరులో మొలిచినవి డెబ్బై ఒకటి." గొంతు సవరించుకున్నాడు. "మైక్రోస్కోపు పట్టుకున్నవి నలభై నాలుగు. లేనివాళ్లకి ఉందని చెప్పింది ఒక్కటీ లేదు."

రోడెల్ బల్ల మీద దరువేశాడు. "ఒక్కటీ లేదా! చూశారా మా అక్క కన్ను!"

ఎర్లిండా నవ్వలేదు. డెబ్బై ఒకటిలో నలభై నాలుగు పోతే ఇరవై ఏడు. ఇరవై ఏడుమంది ఆమె అద్దం కిందనుంచే వెళ్లిపోయారు, మూడేసి వందల ఫీల్డుల్లో ఎక్కడా చిక్కకుండా. కంటికి చిక్కాలంటే తెమడలో క్రిములు వేలల్లో ఉండాలని ఆమెకు తెలుసు. అది పుస్తకంలో మాట. ఈ అంకె మాత్రం గుండెలో గుచ్చుకుంది.

"యంత్రం..." లూసియెన్ వేలితో గీత వెంబడి జరిగాడు. "అరవై ఆరు."

"ఎంతా?"

"అరవై ఆరు. వందకి తొంభై మూడు. పొరపాటున ఉందన్నవి తొమ్మిది, అదీ ఏడువందల అరవై తొమ్మిదిమందిలో."

ముందు కేక పెట్టింది ఎర్లిండానే. "ఏసు మరియా! అరవై ఆరే!" అంటూ కుర్చీలోంచి దూకి రోడెల్ రెండు చెవులూ పట్టుకుని ఊపేసింది. డాక్టరు గోడని గుద్దింది. కాఫీ ఒలికి లూసియెన్ కాగితాల కిందికి పారింది. ఇద్దరు ఆడవాళ్లూ కౌగిలించుకుంటే ఎర్లిండా తల డాక్టరు కోటు మూడో గుండీ దగ్గర ఆగింది.

"అక్కా, నీకు కష్టంగా లేదా?" చెవులు రుద్దుకుంటూ నెమ్మదిగా అడిగాడు రోడెల్. "ఇది వెళ్తే ఇక్కడికి స్లైడ్లు రావు కదా."

"మా ఊళ్లో మా పెర్లక్క తెమడ మూడుసార్లు చూశారు. మూడుసార్లూ లేదన్నారు. నాలుగోసారి చూడ్డానికి మనిషి లేదు," అంది ఎర్లిండా. "ఇంకో ఇరవై రెండుమందిని ఎక్కువ పట్టుకుంది రోడెల్! ఇరవై రెండు ఇళ్లు! కష్టమేంట్రా నీ మొహం!"

ఆమె అంతకుముందెప్పుడూ అతన్ని "రా" అని పిలవలేదు. రోడెల్ ముక్కు ఎగబీల్చాడు.

"అయితే," అన్నాడు లూసియెన్. ఆ ఒక్క మాటకి గది చల్లబడింది. "ఒక వింత ఉంది. యంత్రం వదిలేసిన ఐదింటిలో మూడు అందరికీ కష్టమైనవే. మిగతా రెండింటిని ఎర్లిండా పట్టుకుంది. అదీ అలా ఇలా కాదు. క్రిములు గుంపులు గుంపులుగా ఉన్నాయని రాసింది."

డాక్టరు ముఖంలో రంగు మారింది. "నిండా ఉన్నవాటిని వదిలేసిందా? ఎందుకు?"

"అంకెలకి ఎందుకో తెలీదు."

"ఎందుకో తెలియకుండా నేను ఒక్క డబ్బా కూడా ఎక్కించను. విమానం సంగతి తర్వాత."

ఎర్లిండా అప్పటికే గుమ్మం దగ్గరుంది. "నంబర్లు చెప్పండి!"

"మూడు వందల పద్దెనిమిది, ఐదు వందల డెబ్బై ఏడు."

నడవాలో ఆమె పరుగెత్తడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వెనక రోడెల్, ఆ వెనక డాక్టరు. స్లైడ్ల పెట్టెలు దించి, రెండూ ఏరి, అద్దం కింద పెట్టి చమురుచుక్క వేసింది. ఎర్ర పోగులు కుప్పలుగా ఉన్నాయి, చంటిపిల్లకైనా కనిపిస్తాయి. ఆమె వాటిని చూడలేదు. వాటి వెనకున్న నేలని చూసింది. నీలంగా ఉండాల్సింది మురికి గోధుమరంగుగా ఉంది. రెండో దాంట్లోనూ అంతే. తన నోటుపుస్తకం తిప్పింది. ఎవరూ అడగకపోయినా ప్రతి స్లైడుకీ ఒక ముక్క రాసుకోవడం ఆమెకు అలవాటు. రెండు నంబర్లకీ ఎదురుగా ఒకే మాట ఉంది, నెత్తురు.

"తెమడలో నెత్తురు పడింది డాక్టరమ్మా! కంటికి అది అడ్డం కాదు. డబ్బా లోపలి మందుకి అడ్డమేమో!"

"అయ్యుండొచ్చు," అంది డాక్టరు. "రోడెల్, మిగులు ఉందా?"

"గడ్డకట్టించి ఉంచాం."

"కరిగించు. ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ పెట్టు. నెత్తురు కలిసినా కల్చరులో ఏమీ మొలవని నమూనా కూడా ఒకటి పక్కన పెట్టు, పోల్చాలి."

ముసుగు తగిలించుకుని గాజుతెర వెనక రోడెల్ పనిలోకి దిగాడు. పదకొండూ యాభైకి యంత్రం మూత పడింది. ఇంక యాభై నిమిషాలు. లోపల దీపం ఆకుపచ్చగా మిణుకుతోంది. డాక్టరు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎర్లిండా స్టూలు మీద కాళ్లూపుతూ డబ్బాతో మాట్లాడింది. "చెప్పమ్మా. సిగ్గుపడకు. నీ పక్కన నేనున్నాగా." రోడెల్ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

పన్నెండూ నలభైకి కాగితం బయటికి వచ్చింది. ఉంది. రెండోది, ఉంది. పోల్చడానికి పెట్టిన మూడోది, లేదు.

ఈసారి ఎవరూ కేక పెట్టలేదు. ముగ్గురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని పిల్లల్లా అక్కడే గెంతారు.

"అరవై ఆరు అరవై ఆరే," అన్నాడు అప్పుడే వచ్చిన లూసియెన్. "కడిగాక వచ్చినవి లెక్కలో కలపను. ముందే చెప్తున్నా."

"కలపొద్దు. రెండు నమూనాలతో రుజువూ కాదు," అంది డాక్టరు. "జాగ్రత్త చెప్పడానికి చాలు. నెత్తురు పడితే కడగాలి, కల్చరు ఎలాగూ పంపాలి. అలా అయితే పంపుతాను." వెంటనే ఫోను తీసి మొదటి ఊరి నర్సు సిపోరా ఉయారక్‌కి కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

సిపోరా అంతా విని, "నెత్తురు ఎంతుంటే కడగాలి? ప్రతిదీ కడుగుతూ కూచుంటే నా పని తెల్లారినట్టే," అంది.

ఎర్లిండా ఫోను మీదికి వంగింది. "తుప్పు రంగు తిరిగితే కడగమ్మా. అంటే తుప్పు కూడా కాదు, కాచిన టీలో... టీ అంటే పాలు పోయకముందు..."

"మా ఇంట్లో టీ నల్లగా ఉంటుందండీ. మా అత్త ఇంట్లో ఎర్రగా ఉంటుంది. ఎవరిది చూడమంటారు?"

గదిలో నవ్వులు. ఎర్లిండా మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగిపోయింది. వేళ్లకు తెలిసిందీ కళ్లకు తెలిసిందీ మాటల్లోకి రావడం లేదు.

"ఇంతకీ మీరెవరండీ?" అంది సిపోరా.

"నేను... మీ స్లైడ్లు చూస్తాను. ఇరవై తొమ్మిదేళ్లుగా."

గాలి హోరు మీదుగా సిపోరా గొంతు పెంచింది. "అయితే మా తాతదీ చూసుంటారు. మా అమ్మది కూడా. ఇన్నేళ్లు చూసినవాళ్లు ఒక్కసారి వచ్చి మా మొహాలు కూడా చూడరాదా? కారిబూ జింక కూర వండిపెడతా."

రోడెల్ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఎర్లిండా వైపు చూసింది.

"సీటు పేరు మార్చడం ఎంతసేపు?" అన్నాడు రోడెల్. "డబ్బా నడపడం అక్కకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను చూసి చూసి వచ్చేసింది. నెత్తురు రంగు నేర్పడం మాత్రం నా వల్ల కాదు."

"పిచ్చా? నా బూట్లు బస్‌స్టాపు దాకా పనికొచ్చేవి! ఇంట్లో కూరకి మాంసం నానబెట్టి వచ్చా," అంది ఎర్లిండా. కానీ అప్పటికే తెల్లకోటు విప్పుతోంది. అరవై నాలుగేళ్ల మొహం ఎర్రబడింది.

డాక్టరు తన చలికోటు తొడిగితే ఆమెకు మడమల దాకా వచ్చింది. చేతులు ఎక్కడో లోపల ఉండిపోయాయి. ఇది మనిషా గుడారమా అని రోడెల్ అడిగాడు. అతని బూట్లలో రెండు జతల మేజోళ్లు కుక్కి వేసుకుంది. ఒంటిగంటా పావుకి టాక్సీ వచ్చింది. యంత్రం పెట్టెను ఒళ్లో పెట్టుకుని, బెల్టు దాని మీదుగా బిగించుకుని, అద్దంలోంచి ఒకసారి చేయి ఊపింది. చేయి కనిపించలేదు, కోటు చేయి ఊగింది. బయట సున్నాకి ముప్ఫై ఒక్క డిగ్రీల కింద చలి. టాక్సీ పొగ తెల్లగా కాసేపు అక్కడే నిలబడింది.

పది రోజులని వెళ్లింది. మొదటి ఊరి తర్వాత రెండో ఊరు పిలిచింది, తర్వాత మూడోది. ఆదివారాల్లో ఫోను చేసేది. సిపోరా అమ్మ బతికే ఉందని, తనకు సీల్ తోలు చేతితొడుగులు కుట్టిందని, ముసలామె తన కళ్లచుట్టూ ఉన్న గీతల్ని వేలితో తడిమి నవ్విందని గడగడా చెప్పేది. గొంతు ఇరవైమూడేళ్ల పిల్ల గొంతులా ఉండేది. ఏప్రిల్‌లో స్లైడ్లు రావడం ఆగిపోయింది. మే నెలలో ఆమె పదవీ విరమణ కాగితం సంతకంతో టపాలో వచ్చింది. నాలుగో ఊరి నర్సుకి ఇంకా రంగు పట్టుబడలేదని, తిరిగి రావడం సంగతి మంచు కరిగాక చూద్దామని అంచున రాసి ఉంది.

ఆ సాయంత్రం రోడెల్ కిటికీ పక్క బల్ల ఖాళీ చేశాడు. మైక్రోస్కోపును గుడ్డ కప్పి బీరువాలో పెట్టాడు. అది ఉన్నచోట రెండు చిన్న మెత్తలు మిగిలాయి. పాత పూలగౌను గుడ్డతో ఆమె మోచేతుల కింద పెట్టుకోవడానికి కుట్టుకున్నవి. తీసి దులపబోయి ఆగాడు. ఒక్కొక్కదాని నడుమా గుంట, కుడిదానిలో కాస్త లోతుగా, ఇంకా అలాగే ఉంది.