విగ్రహాలు ఇంటికి రాని రోజు

డ్రాయింగు టీచరు స్కూలు హాల్లో పిల్లలకు వేసవి శిబిరం నడిపేది. బొమ్మలు, పాటలు, మట్టిపని అన్నీ సాఫీగా సాగేవి గాని, ఇంటికి వెళ్లే వేళకు పిల్లలు హాలు పీకి పందిరేసేవారు. అందుకని ఆమె విగ్రహాల ఆట కనిపెట్టింది. నచ్చిన భంగిమలో నిలబడిపోవాలి. విడుపు మాట వినపడేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు.

ఆ మాటేదో పిల్లలే గుసగుసలాడి ఎంచుకున్నారు. టీచరుకు చెప్పలేదు. దాన్ని పలికే పని టీచరు అన్న కూతురికి, అందరూ చిట్టెలుక అని పిలిచే చిన్నదానికి అప్పగించారు.

ఆట మొదలైంది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. టీచరు హాయిగా కుర్చీలో వాలింది. చిట్టెలుక చాప మీద వాలి నిద్రపోయింది.

ఇంతలో పెద్దవాళ్లు వచ్చారు. పళ్ల డాక్టరు కొడుకు ఒంటికాలి మీద నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"పదరా, ఇంటికెళ్దాం," అన్నాడు డాక్టరు. వాడు రెప్ప కూడా వెయ్యలేదు.

టీచరు మేనకోడల్ని తట్టి లేపింది. "ఆ మాటేంటో చెప్పవే."

"ఏ మాట?" చిట్టెలుక కళ్లు నులుముకుంది. "మర్చిపోయానత్తా."

పెద్దవాళ్లు తలా ఒక మాట విసిరారు. ఐస్‌క్రీం అన్నారు, సెలవులన్నారు. ఒక బామ్మ బెత్తం అంది. ఒక్క విగ్రహమూ కరగలేదు. డాక్టరు మాత్రం ఫోను లైటు వేసి కొడుకు నోట్లోకి తొంగిచూశాడు.

"ఇంట్లో ఎంత బతిమాలినా నోరు తెరవడండీ. ఆ చివరి పన్ను పుచ్చింది, చూశారా?"

టీచరు తల పట్టుకుంది. "వీళ్లని కుదురుగా నిలబెడదామనుకున్నాను చూడండి, నా బుద్ధి గడ్డి తింది."

అంతే, హాలు దద్దరిల్లింది. విగ్రహాలన్నీ కేరింతలతో కిందపడ్డాయి.

"ఏమన్నాను నేను?" అంది టీచరు బిత్తరపోయి.

"గడ్డి," అన్నాడు డాక్టరు కొడుకు, తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ. "బుద్ధి గడ్డి తిందని మీరు పొద్దున్నించి సాయంత్రందాకా అంటూనే ఉంటారు కదా టీచర్. చిట్టెలుక మర్చిపోయినా మీరు విడిపిస్తారనుకున్నాం. ఇవాళే ఇంత ఆలస్యం చేశారు."

పెద్దవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. టీచరుకు సిగ్గు, నవ్వు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

మర్నాడు ఆమె ఆట మార్చింది. ఎవరు గట్టిగా అరుస్తారో చూద్దామంది. తనూ పోటీలో దిగి, గొంతు బొంగురుపోయేలా అరిచి, రెండో స్థానంలో నిలిచింది.