ఖాళీ అని రాసిన చోట

మట్టి ఓడ అడుగు తెరుచుకుంది.

సరంగు చుక్కాని పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు. కూతవేటు దూరంలో ఆ ఇనుప ఓడ అడుగు తలుపుల్లా నిలువునా రెండు చెక్కలుగా విచ్చుకుంది. ఓడరేవు లోతు పెంచడానికి తవ్విన బురద, నూనె కంపు కొట్టే నల్లటి బురద, కొండచరియ జారినట్టు ఒక్కసారిగా సముద్రంలోకి దిగిపోయింది. నీళ్లు పొంగాయి. పడవ ఊగింది. గేలపు తాళ్లు రెండు పుటుక్కుమన్నాయి. నీలం నీళ్ల మీద నలుపు పాకుతూ పడవ కిందికి వచ్చేసింది.

కాసేపటికి చేపలు తేలాయి. నోళ్లు తెరుచుకుని, మొప్పల నిండా బురదతో. తాళ్లు లాగే కలాసీ బక్కోడు వంగి ఒకదాన్ని అందుకుని పొట్ట మీద బొటనవేలు నొక్కాడు. గుడ్లు జారాయి.

"గుడ్ల చేప, అన్నా. అన్నీ గుడ్ల చేపలే."

ఆ నీళ్ల కింద ఒక బండ ఉంది. దాని చీలికల్లో చేప గుడ్లు పెడుతుంది. ఆ బండ మీదే సరంగు తండ్రి బతికాడు, సరంగు బతుకుతున్నాడు, అతని పడవ మీద నలుగురు కలాసీల ఇళ్లల్లో పొయ్యి వెలుగుతోంది. ఇప్పుడు దాని నెత్తిన ఎంత మట్టి పడిందో పైనుంచి చూసేవాడికి తెలియదు.

కాపలా పడవ దూసుకొచ్చింది. మైకు పట్టుకున్నవాడు అరిచాడు.

"ఏయ్, పక్కకి తియ్. ఇది మట్టి పోసే చోటు."

"మట్టి పొయ్యడానికి మీకింకెక్కడా చోటు దొరకలేదా బాబూ? కింద బండ ఉంది. చేప ఉంది."

మాట జారాక సరంగు నాలిక కరుచుకున్నాడు. పెళ్లాంతో కూడా ఏనాడూ అనని మాట అది.

"బండా లేదు, గిండా లేదు. పటంలో ఖాళీ అని రాసుంది. మీ రేవువాళ్లు చెప్పిందే రాశారట. పద, పద."

బక్కోడు సరంగు మొహంలోకి చూశాడు. సరంగు ఇంజను తిప్పాడు.

ఆ రేవులో మనిషిని ఏమైనా అడగొచ్చు. జబ్బేమిటని అడగొచ్చు, అత్తగారితో గొడవేమిటని అడగొచ్చు. చేప ఎక్కడ పడిందని మాత్రం అడగకూడదు. అడిగితే అబద్ధం చెబుతారు. అది తప్పు కాదు, మర్యాద. ఉత్తరాన పడితే దక్షిణం అంటారు. గంపలు పొంగిపొర్లుతుంటే "ఏదో, కూరకి సరిపడా" అంటారు. సొంత అన్నదమ్ములు కూడా ఒకరి బండ ఒకరికి చూపించుకోరు. చూపిస్తే మర్నాడు అక్కడ పది పడవలుంటాయి, ఆ మర్నాడు చేప ఉండదు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ భయమే ఆ ఏడాది వాళ్ల కొంప ముంచింది.

సరంగు అక్క కూతురు సముద్ర పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగి. ఏ నీటి కింద ఏముందో, ఎక్కడ చేప గుడ్లు పెడుతుందో పటం గీసి, ఎవరైనా చూసుకునేలా, ఎవరైనా వాడుకునేలా లోకం ముందు పెట్టడం ఆమె పని. కిందటేడు ఆ పటం కోసమే పడవ పడవకీ తిరిగి అడిగింది. అందరూ ఆదరంగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నోటికొచ్చింది చెప్పారు. మేనమామ కూడా చెప్పాడు.

మట్టి పడిన రోజు సాయంత్రం వలల షెడ్డులో ఆమె పటం పరిచింది. పడవలవాళ్లు, కలాసీలు, చేపలమ్మే ఆడవాళ్లు మీదపడి చూశారు. చూసినకొద్దీ మాట పడిపోయింది. చేప ఉన్నచోటల్లా ఖాళీ. ఖాళీ ఉన్నచోటల్లా చేప.

"మట్టి ఎక్కడ పొయ్యాలా అని ఓడరేవు తవ్వే కాంట్రాక్టరు ఈ పటమే చూశాడు," అందామె. "చేపలు లేనిచోటే పొయ్యాలని చట్టం. రేవుకి దగ్గరగా ఖాళీ చోటు ఏదా అని చూశాడు. కనిపించింది. ఇక్కడ ఏం పడుతుందని నేనడిగితే నువ్వేం చెప్పావు మామయ్యా?"

సరంగు వలల కుప్పకేసి చూశాడు. "నేనొక్కణ్ణే చెప్పినట్టు మాట్లాడతావేమే? నిజం చెప్పినవాడు ఇక్కడ ఎవడైనా ఉంటే చెయ్యెత్తమను."

ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. నవ్వు అంతటితో ఆగిపోయింది.

ఐసు ఫ్యాక్టరీ షావుకారు గొంతు సవరించుకున్నాడు. రేవులో సగం పడవలు అతనివే. "అయిందేదో అయింది. కాంట్రాక్టరు నాకు తెలిసినవాడే. నష్టపరిహారం అడుగుదాం. కాదనడు."

"మీకిస్తాడు షావుకారూ," అంది గంపక్క. చేపల గంప నెత్తిన పెట్టుకునే పుట్టిందా అనిపించే మనిషి. "పడవున్నోడికి పరిహారం. గంపున్నదానికి ఏమిస్తాడు, గంపెడు మట్టా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మేనకోడలు మాత్రం నవ్వలేదు.

"ఒక దారుంది. పటం అందరిదీ. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు. మన బండలన్నీ ఎక్కిస్తే అక్కడ మట్టి పొయ్యడానికి వీల్లేదు. కానీ ఎక్కించింది అందరికీ కనిపిస్తుంది."

"అందరికీ అంటే?"

"అందరికీ."

"సముద్రం ఊడ్చేసే ట్రాలర్లకి కూడానా?"

"వాళ్లకి కూడా. గుడ్ల కాలంలో అక్కడ ఎవరూ వేటాడకూడదని నిషేధం పెట్టించొచ్చు. వాళ్లకీ, మనకీ."

షెడ్డు అట్టుడికిపోయింది. మన నోరు మనమే కుట్టుకోవాలా అని ఒకడు. కాగితం మీద నిషేధం పెడతారు, నడి సముద్రంలో కాపలా ఎవడు కాస్తాడని ఇంకొకడు.

"చెప్పకపోతే మట్టి మింగుతుంది. చెబితే ట్రాలర్లు మింగుతాయి," అంది గంపక్క. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇదేం దారే తల్లీ?"

"నాకు తెలిసింది ఇదొక్కటే, పెద్దమ్మా. ఇంకోటుంటే మీరు చెప్పండి."

అప్పుడు బక్కోడు లేచాడు. మీటింగుల్లో కలాసీలు లేచి మాట్లాడటం ఆ రేవుకి కొత్త.

"మా రహస్యం, మా బండ అంటున్నారు. బండ దగ్గరపడగానే మమ్మల్ని కింది గదిలోకి తోలి తలుపేస్తారు. దారి మేం చూడకూడదు. తాడు లాగడానికి మాత్రం పైకి పిలుస్తారు. చీకట్లో కూర్చుని మేం పేకాడుకుంటున్నాం అనుకున్నారేమో. అల ఎటు కొడుతోందో వీపుకి తెలియదా? ఎవరి బండ ఎక్కడుందో ఇక్కడున్న కలాసీలందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ఒక్కడన్నా బయటపెట్టాడా?"

బక్కోడు పడవలవాళ్లకేసి తిరిగాడు.

"దాచింది మీరు. కాపాడింది మేము. సముద్రం అడుగున ఏ తాత పునాది తీశాడని అది మీ సొంతం? ఉంటే అందరికీ ఉంటుంది. పోతే ముందు పోయేది మా పొట్టలు."

సరంగుకి చెవులు వేడెక్కాయి. తన పడవ మీద తన ఉప్పు తింటున్నవాడి మాటలు. లేచి చెంప పగలగొడదామనిపించింది. మరుక్షణం పొద్దున్న బక్కోడి వేళ్ల సందుల్లోంచి జారిన గుడ్లు గుర్తొచ్చాయి. బండ పూడిపోతే తను పదిమందిలో ఒకడు. బండ చెప్పినా పదిమందిలో ఒకడే. తేడా ఒక్కటే. రెండోదాంట్లో బండ బతికుంటుంది, బహుశా.

పటం దగ్గరికి నడిచాడు. ఖాళీ అని రాసిన చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ," అన్నాడు. "తప్పు లేకుండా రాసుకో."

షెడ్డులో సగంమంది వచ్చారు. వచ్చినవాళ్లు కూడా శ్మశానంలో మట్టి వేస్తున్నట్టు తలొంచుకుని వేళ్లు పెట్టారు. మిగతా సగం షావుకారు వెనక బయటికి నడిచింది.

పటం మారింది. మారిన వారానికి మేనకోడలి ఉద్యోగం ఊడింది. ఎవరైనా దిద్దొచ్చన్న పటాన్నే పై అధికారి అనుమతి లేకుండా దిద్దిందట. కాంట్రాక్టరు తాపీగా జవాబిచ్చాడు. నిన్న లేదన్నారు, ఇవాళ ఉందంటున్నారు, ఏది అబద్ధం? రుజువు చూపించండి. మట్టి ఓడ మాత్రం ఆగలేదు.

రుజువు కోసం ఆమె అద్దె కెమెరా తెచ్చింది. తాడు కట్టి బండ మీదికి దింపారు. తెర చుట్టూ మూగారు. ముందంతా మసక. తర్వాత బురద, చదునుగా, సమాధి మీద అలికినట్టు. కెమెరా జరిగింది. బురదలోంచి బండ భుజం ఒకటి పొడుచుకొచ్చింది. దాని చీలికల్లో చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి, వరదలో మేడెక్కిన జనంలా. తెల్లటి గుడ్ల గుత్తులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"సగం పోయింది," అన్నాడు సరంగు.

పక్క పడవవాడు చెవిలో గొణిగాడు. "ఇది చూపిస్తే ఎలాగూ చచ్చిందిలే అని మిగతాదీ పూడ్చేస్తారు. మా బండ దగ్గర దించుదాం. అక్కడ చేప కిటకిటలాడుతోంది. చూసేవాడికి ఏ బండో ఏం తెలుస్తుంది?"

మేనకోడలు మామయ్యకేసి చూసింది. సరంగు నీళ్లలోకి చూశాడు. పక్కవాడి లెక్క తప్పు కాదు. నిజం చెబితే ఓడిపోవచ్చు.

"వద్దు," అన్నాడు. "ఈ బురద తెచ్చిపెట్టింది మన అబద్ధమే. సగం చచ్చిందని పెట్టు. సగం బతికుందని పెట్టు. ఉన్నదున్నట్టు పెట్టు."

పటంలో ఆ చోటే పెట్టింది. ఎవరెవరో చూశారు. ఎక్కడెక్కడి విద్యార్థులో, చేపల మీద పనిచేసేవాళ్లో ఆ దృశ్యాలు దించుకుని, గుడ్లని పోల్చి, ఇది ఫలానా చేప, ఇది గుడ్ల చోటేనని రాశారు. ఆ రాతల్ని మేనకోడలు కార్యాలయాల చుట్టూ తిప్పింది. పరిశీలిస్తాం అన్నారు. పరిశీలన ఒడ్డున జరుగుతోంది, ఓడ నీళ్లలో వస్తోంది.

దానికి ఎదురు ఇక ఒళ్లు అడ్డంపెట్టడమే మిగిలింది. పటంలో వేలు పెట్టిన పడవలన్నీ ఒక పొద్దున బండ మీదికి చేరాయి. పక్కపక్కనే నిలబెట్టి తాళ్లతో కట్టేసుకున్నారు. ఈసారి కలాసీలు గదుల్లో లేరు. చేపలమ్మే ఆడవాళ్లు గంపలు రేవులో బోర్లించి పడవలెక్కారు. మట్టి ఓడ నిండుగా వచ్చి ఎదురుగా ఆగింది. కింద మనుషులుండగా అడుగు తెరవడానికి దాని సరంగుకి చేతులు రాలేదు. వాడూ కూలివాడే.

పోలీసు లాంచీ వచ్చింది. తాళ్లు కోశారు. లాఠీలు లేచాయి. గంపక్క నుదురు చిట్లింది. బక్కోడు అడ్డం వెళితే నీళ్లలోకి తోశారు. వాడు ఈదుకుంటూ వచ్చి మళ్లీ అదే పడవ ఎక్కాడు.

"నాయకుడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎవడూ లేడు," అంది గంపక్క నెత్తురు తుడుచుకుంటూ. "ఉంటే మాకీ గతి పట్టేదా?"

బండ ఎవరిదని అడిగారు. సరంగు చేతులు ముందుకి చాపాడు. బేడీలు వేసి లాంచీలోకి లాగారు. ఇంజనుకి ఎదురుగా కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి అతనికి తన పడవ కనిపిస్తోంది, దాని వెనక బురద నిండిన ఓడ కనిపిస్తోంది. అయిపోయింది అనుకున్నాడు. ఈ పడవల్ని ఒక్కొక్కటే లాగేస్తారు. మధ్యాహ్నానికి ఓడ అడుగు తెరుచుకుంటుంది. ఆ భుజం కూడా పూడిపోతుంది.

ఇన్‌స్పెక్టరు రేడియో అందుకున్నాడు. నీళ్ల మీదున్నవాళ్లందరూ వినే ఛానెల్ అది. "పటం పాడుచేసినవాణ్ణి పట్టుకున్నాం. మిగతా పడవలన్నీ ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోండి."

కాసేపు గరగర. తర్వాత బక్కోడి గొంతు, ఇంకా ఉప్పునీళ్లకి దగ్గుతూ.

"మా చోట్లెక్కడో మీకు తెలుసా సార్? చెబుతాం, వినండి. దీపస్తంభానికి తూర్పున, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం దాని వెనక దాక్కునే దాకా వెళితే ఒక బండ. అక్కడ రొయ్య గుడ్లు పెడుతుంది."

సరంగు తలెత్తాడు. ఆ వైపు వేటాడేవి షావుకారు పడవలే, అది అతని బండే అయ్యుండాలి. ఆ దారి షావుకారు పడవ కలాసీలకి తప్ప తెలియదు. ఎవడో బక్కోడికి చెప్పాడు.

రేడియోలో ఇంకో గొంతు లేచింది. ఆ రోజు రాని పడవ, షావుకారు పడవ. "వాడు చెప్పింది నిజమే. దానికి దక్షిణాన ఇంకోటుంది, అది వాడికి తెలియదు. రాసుకోండి." తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఒకడు చెప్పిన గుర్తులు విని సరంగు నిటారుగా కూర్చున్నాడు. అది తన రెండో బండ. ఏళ్లుగా ఆ దొంగవెధవ తన బండ మీదే వేటాడుతూ, ఎదురుపడితే "ఏదో, కూరకి సరిపడా" అంటున్నాడన్నమాట. బేడీల చేతులతో మొహం కప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఏడుపైంది.

"కట్టెయ్ ఆ రేడియో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానిస్టేబులు మీట నొక్కాడు. లాంచీలో రేడియో నోరు మూసింది. మట్టి ఓడ మీద రేడియో మూయలేదు. చుట్టూ పడవల్లో ఏదీ మూయలేదు. అన్నిటినీ పెద్దగా పెట్టారు. గొంతులు నీళ్ల మీదుగా వస్తూనే ఉన్నాయి.

అందులో ఒక ముసలి గొంతు సరంగు ఎన్నడూ విననిది.

"ఇది అవతలి రేవు. మీ దగ్గర అడ్డుకున్నారని రేపట్నుంచి మట్టి మావైపు పోస్తారట. కిందటేడు పటం కోసం వస్తే మేం కూడా మీ పిల్లకి అబద్ధమే చెప్పాం. మా బండలు రాసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అక్కడ?"

ఒడ్డున వలల షెడ్డు రేడియో నుంచి మేనకోడలి గొంతు పలికింది.

"ఉన్నాను తాతా. నెమ్మదిగా చెప్పు. అందరూ వింటున్నారు."