ఆరని దుంగ

పొద్దున్నే లేచి, గదిని వెచ్చబెట్టే ఇనుప పొయ్యి మీద కెటిల్ పెట్టడం, వాకిట్లో మంచు పారతో ఎత్తిపోయడం, బడి వంటశాలకి పనికి వెళ్ళడం. కినుయో రోజు అలా మొదలయ్యేది. పొయ్యిలో కట్టె మాత్రం పెట్టేది కాదు. ఆ అవసరమే లేదు. భర్త మిచిరో పెట్టిన ఓక్ దుంగ కిందటేడు చలికాలం నుంచీ కాలుతూనే ఉంది.

ఆ రోజు ఆయన దుంగని లోపలికి తోసి, పొయ్యి తలుపు బిగించి, "ఇది మధ్యాహ్నం దాకా వస్తుంది" అని, కప్పు మీద మంచు దించడానికి నిచ్చెనెక్కాడు. కాలు జారింది. మధ్యాహ్నానికి ఆయన లేడు, దుంగ ఉంది. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు దాని ముందు చేతులు కాచుకున్నారు. మంచు కరిగాక కినుయో కిటికీలు తెరుచుకుంది. వేసవిలోనూ అది కాలింది. తరగలేదు, పిడికెడు బూడిద రాలలేదు.

ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూళ్ళేదు. ఆదా అన్నారు, అంతే.

"అదృష్టమంటే మీదేనమ్మా," అన్నాడు కిరోసిన్ బండివాడు. "ఊరంతా మీలా ఉంటే నేను బండి అమ్ముకోవాల్సిందే."

పొగగొట్టం శుభ్రం చేసే మనిషి పైకెక్కి చూసి, మసే లేదంటూ దిగిపోయాడు. చెయ్యని పనికి డబ్బు పుచ్చుకోలేనన్నాడు. టీ తాగమన్నా ఆగలేదు. కొండ అవతలి కట్టెలాయనకి ఫోన్ చెయ్యాల్సిన పనీ లేకపోయింది. మిచిరో కొట్టి పేర్చిన కట్టెలు పాకలో అలాగే ఎండిపోతున్నాయి. కొట్టించి కొన్న కట్టె కిరోసిన్ కన్నా ఖరీదు, దుంగలు తెప్పించి మన చేత్తో కొట్టుకుంటేనే మిగులు అనేవాడాయన.

కాకపోతే ఆ మంటకి ఊపు లేదు. గదిలో చలీ ఉండదు, వెచ్చదనమూ ఉండదు. కెటిల్‌లో నీళ్ళు గోరువెచ్చన దాటవు. కినుయో ఆ నీళ్ళతోనే టీ కలుపుకుని తాగేది. ఏడుపు ఏదో ఒక రోజు వస్తుందిలే అనుకుంది. రాలేదు. రాలేదన్న బాధ కూడా లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మంచు తుఫాను పట్టుకుంది. కరెంటు పోయింది. మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే పక్కింటి ఇవాబుచి, ఎనభై దాటిన ఒంటరి మనిషి. కనుబొమ్మల నిండా మంచు.

"కరెంటు లేకపోతే నా కిరోసిన్ హీటరు కూడా చచ్చినట్టే," అన్నాడు. "జీవితమంతా మీ ఆయన కట్టెల్ని వెక్కిరించా. ఇప్పుడు ఆయన పొయ్యి దగ్గరికే వచ్చా, చూశావా?"

"లోపలికి రండి, పెద్దాయనా."

ఆయన దుప్పటి చుట్టుకుని పొయ్యికి దగ్గరగా జరిగాడు. ఎంతసేపటికీ వణుకు తగ్గలేదు. పెదాలు నీలంగానే ఉన్నాయి. ఇచ్చిన కప్పు పట్టుకోలేక ఒళ్ళో వొంపుకున్నాడు.

"ఇంకో కట్టె వెయ్యకూడదూ?" అని, దుంగ వంక చూసి ఆగిపోయాడు. "వద్దులేమ్మా. వేస్తే అది కూడా మామూలు కట్టె అయిపోతుంది. నేనింటికి పోతా."

గోడ పట్టుకుని లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. గడియ తియ్యడానికి వేళ్ళు వంగలేదు.

కినుయో ఆ వేళ్ళ వంక చూసింది. "కూచోండి," అంది. గొంతు కాస్త పెద్దదే అయింది.

పాకలో కట్టెలు గడ్డకట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గొడ్డలి వెనకవైపుతో బాది విడగొట్టింది. చేతినిండా ఎత్తుకొచ్చి, పొయ్యి తలుపు తీసి, ఒక్క క్షణం అలాగే కూచుంది. తర్వాత వేసింది.

బెరడు చిటపటమంది. మంట ఒక్కసారిగా లేచింది. దుంగ నడుమ ఎర్రగా చీలి, చప్పుడు లేకుండా కూలిపోయింది. ఆమె ఇంకో కట్టె వేసింది. ఇంకొకటి. కెటిల్ మూత ఎగరడం మొదలుపెట్టింది. ఇవాబుచి దుప్పటి జార్చుకుని, కాళ్ళు చాపుకుని, కునుకు తీశాడు.

తలుపు మూయబోతుంటే అరచెయ్యి ఇనుముకి తగిలింది.

"మండుతోంది," అంది కినుయో ఆశ్చర్యంగా.

"నీళ్ళలో పెట్టుకో, పిచ్చిదానా!" అన్నాడు ముసలాయన కళ్ళు తెరవకుండానే.

మార్చికి పాకలో కట్టెలు సగం ఖాళీ అయ్యాయి. ఇవాబుచి కరెంటు వచ్చినా రోజూ వస్తూనే ఉన్నాడు. వచ్చే ఏటికి ఇప్పుడే తెప్పించి ఎండబెట్టుకోవాలని, కినుయో కొండ అవతలి కట్టెలాయనకి ఫోన్ చేసింది.

"అబ్బో, ఎన్నాళ్ళకి గుర్తొచ్చామమ్మా!" అన్నాడాయన. "కిరోసిన్‌కి మారిపోయారేమో అనుకున్నా. అయ్యగారు ఎలా ఉన్నారు?"

ఈ ఊళ్ళో అందరికీ ముందే తెలుసు. ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఆమెకి ఇంతవరకూ రాలేదు.

"మా ఆయన పోయారండీ," అంది. మాట పూర్తవుతుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకునే నేల మీద కూలబడింది. అవతల ఆయన పెట్టెయ్యకుండా, ఏమీ అడక్కుండా, ఆమె ఏడుపంతా విన్నాడు.

చాలాసేపటికి నెమ్మదిగా అడిగాడు: "మరి కొట్టించి పంపనా అమ్మా? దానికి డబ్బు వేరే అవుతుంది."

"వద్దు," అంది కినుయో ముక్కు తుడుచుకుంటూ. "దుంగలే పంపండి. నేను కొట్టుకుంటాను."