నడి ఎండలో బ్యాడ్ లైట్

1975 జూన్‌లో ఇంగ్లండు గడ్డ మీద ఎనిమిది జట్లు తెల్లబట్టలు కట్టి, ఎర్రబంతి పట్టి, అరవై ఓవర్ల చొప్పున తలపడి వన్డే ప్రపంచకప్‌కు శ్రీకారం చుట్టాయి. అంతకు రెండేళ్ల ముందే స్త్రీలు తమ ప్రపంచకప్ తాము ఆడుకుని ఎవరిళ్లకు వారు వెళ్లిపోయారన్న సంగతి బాలస్వామి సారుకు తెలియనిది కాదు. కాని మహాకార్యాలకు పురుషుల రాకతోనే ముహూర్తం కుదురుతుందని ఆయన నమ్మకం.

కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన సారు తలపెట్టిన యజ్ఞం ఒక్కటే. ఆ పురుషుల తొలి టోర్నీని ఖిల్లా ఘణపూర్ గుట్ట కింద పొల్లుపోకుండా పునఃప్రతిష్ఠించాలి. తెల్ల ప్యాంట్లు, ఎర్ర బంతి, అరవై ఓవర్లు. ఆ కాలపు బ్యాటర్లకు హెల్మెట్లు లేవు గనుక ఇక్కడా నిషేధం. నిర్వాహకుడు, వ్యాఖ్యాత, ప్రధాన అంపైరు అనే మూడు కిరీటాలనూ ఆయన తన ఒక్క బట్టతల మీదే మోశారు.

ఫైనల్లో ఘణపూర్‌కు ఎదురుపడింది ఇటిక్యాల జట్టు. వారి బౌలర్ ఉవైస్ బోరుబండి మీద పైపులెత్తే మనిషి. భుజాలు దానికి తగినట్టే ఉంటాయి. మొదటి ఓవర్లోనే అతని బంతి మ్యాటు మీంచి లేచి ఘణపూర్ ఓపెనర్ యోసేపు చెంపను తాకింది. టెంకాయ పగిలిన చప్పుడైంది. యోసేపు మోకాళ్ల మీద కూలి, రెండు పళ్లను నెత్తుటితో సహా క్రీజులో ఉమ్మాడు.

సారు గుండె ఝల్లుమన్న మాట నిజమే. కాని ఆ ఝల్లులో, చెప్పుకోవడానికి వీల్లేనిదైనా, కాసింత పులకరింత కూడా ఉంది. చరిత్ర ఆయన మాట వింటోంది! మైకందుకున్నారు.

"ఎవ్వరు పరేషాన్ గావద్దు! డెబ్బై అయిదుల శ్రీలంకోళ్లు ఇద్దరు గిట్లనే దవాఖానకు పోయిండ్రు. ఆట నడుస్తది!"

బండి మీద ఇడ్లీలమ్మే ఎస్తేరు బౌండరీ తాడు దాటి పరుగెత్తుకొచ్చి, కొడుకు తలను ఒడిలోకి తీసుకుంది. అతని కన్ను అప్పటికే వాచి మూసుకుపోయింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోవడానికి టెంట్‌హౌస్ నబీ సాబ్ తన ట్రాలీ ఆటోలోంచి కుర్చీలు దింపిస్తున్నాడు.

యోసేపు స్థానంలో బ్యాటు పట్టుకుని వచ్చినవాడు శ్రవణ్ కుమార్. సారుకు ఒక్కగానొక్క కొడుకు.

ఇంతవరకు చరిత్ర ఇతరుల సంతానం మీదుగా నడిచింది. ఇప్పుడది తన గడపలోకి కాలు పెట్టింది. సారు చూపు ఆ నున్నని నుదుటి మీదే ఆగిపోయింది. హెల్మెట్ ఇద్దామంటే శాసనకర్త తానే. ఆయన మేనెల సూర్యుణ్ని ఒకసారి తేరిపార చూసి, వికెట్ల మీది బెయిల్స్ ఎత్తేసి, గంభీరంగా ప్రకటించారు:

"బ్యాడ్ లైట్! వెలుతురు సాల్తలేదు! ఆట బంద్!"

పైన గుట్ట మీది కోటరాళ్లు ఎండకు సలసల కాగుతున్నాయి. మైదానమంతా ఈలలు.

"బ్యాటరీ లైటు తెప్పియ్యాల్నా సార్?" అన్నాడు ఉవైస్.

తాడు పక్కన కొడుకు తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఎస్తేరు మాత్రం నవ్వలేదు. "నా కొడుక్కు లేని చీకటి నీ కొడుక్కు యాడికెల్లి వచ్చింది సార్?" అని అడిగింది.

శ్రవణ్ ముఖం ఎర్రబడింది. "నాయినా, బెయిల్స్ పెట్టు."

"నీకు తెల్వదు, లోపలికి పో."

"యోసేపు ఆడినప్పుడు నీకు తెల్వకపాయెనా? పెట్టు!"

సారు బెయిల్స్ పెట్టి తన చోట నిలబడ్డారు. ఉవైస్ పరుగు ఆరంభించాడు. వెనక నుంచి అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. ఎదుట శ్రవణ్ ఒట్టి తల. ఉవైస్ చెయ్యి లేచిన క్షణంలో అంపైరుగారు పక్కకు దూకి అతని నడుము వాటేసుకున్నారు. అంపైరు బౌలర్ని పడగొట్టిన ఘట్టం డెబ్బై అయిదు చరిత్రలో ఎక్కడా లేదు. ఇద్దరూ వికెట్ల మీద పడ్డారు. ఉవైస్ మెడ కింది ఎముక పుటుక్కున విరిగింది.

ఇటిక్యాల వీరులు ఉత్తరక్షణంలో వికెట్లు పెరికారు. మొదటి దెబ్బకు సారు పెదవి చీలింది, రెండో దానికి డొక్కలో ఏదో కదిలింది. ఘణపూర్ జట్టు షామియానా గుంజలు ఊడబీకి రంగంలోకి దిగింది. షామియానా కూలి ముఖ్య అతిథులను కప్పేసింది. ఒకడి మోచెయ్యి వెనక్కి వంగింది, ఇంకొకడి చెవి తెగి వేలాడింది. తండ్రి మీద దెబ్బ పడకుండా శ్రవణ్ బ్యాటు విసిరేసి అడ్డంగా బోర్లా పడ్డాడు. ఇటిక్యాలవాణ్ని కొట్టబోయిన సొంత ఊరి గుంజ గురి తప్పి అతని నడినెత్తిన దిగింది.

నబీ సాబ్ కేకలు పెట్టి అందరినీ విడదీసి, పడ్డవాళ్లను ట్రాలీలోకి ఎక్కించాడు. ఒక పక్క ఎస్తేరు ఒడిలో యోసేపు. ఎదురుగా సారు ఒడిలో, కళ్లు తేలేసిన శ్రవణ్. మధ్యలో ఉవైస్ భుజం పట్టుకుని మూలుగుతున్నాడు.

"బాల్ మెల్లగనే ఏద్దామనుకున్న సార్," అన్నాడతను. "గా అమ్మ గట్ల అడిగినంక చెయ్యి ఆడలే."

కొడుకు నెత్తి మీద ఆనించిన సారు వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతూనే ఉంది. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత గట్టిగా పట్టుకోవాలో ఆయన చదివిన ఏ గ్రంథంలోనూ లేదు.

ఎస్తేరు ఒక చేత్తో కొడుకును పొదివి పట్టుకుని, రెండో చేత్తో కొంగు చింపి ఆయన ముందుకు విసిరింది.

"జర గట్టిగ అదుము సార్. భయపడకు, అదుము."